కుడి కవర్‌కు మనిషిని వెతికిన శుక్రవారాలు

ఖతర్ దేశంలో నేను కబడ్డీ ఆడిన రోజుల్లో, నా చేతికి చిక్కి తప్పించుకుపోయిన ఆటగాడు ఒక్కడు కూడా లేడు. ఈ మాట మా మనవరాలికి చాలాసార్లు చెప్పాను. అది ఎంతో గౌరవంగా విన్నది. మొన్న శుక్రవారం గౌస్ భాయ్ మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన ముందు కూడా అదే మాట అన్నాను. ఆయన చాయ్ గ్లాసు నెమ్మదిగా కింద పెట్టి, పిల్ల వైపు తిరిగి, "హౌ బేటా, ఎవ్వడు తప్పిచ్చుకోలే. మీ తాత చేతికి చిక్కితె గద తప్పిచ్చుకునెతందుకు" అన్నాడు. మనవరాలు నా వైపు చూసింది. నేను కిటికీలోంచి ఎదురింటి నీళ్ళ ట్యాంకు చూశాను.

మేమిప్పుడు ఖతర్‌లోనే, ఐన్ ఖాలిద్ అనే పేటలో, మా బిడ్డ ఇంట్లో ఉంటున్నాం. బిడ్డ ఇక్కడ నర్సు. చలికాలం వస్తే నన్నూ, మా ఆవిడ రాజవ్వనూ పిలిపించుకుంటుంది. గౌస్ భాయ్ దగ్గర్లోనే, ముఐథర్‌లో కొడుకు దగ్గర ఉంటాడు. మాది జగిత్యాల దిక్కు, ఆయనది బోధన్. పడుచు వయసులో ఇద్దరం ఒకే కంపెనీలో స్కాఫోల్డింగ్ పని, అంటే కట్టడాల చుట్టూ ఇనుప పైపుల పరంజా కట్టే పని చేశాం. ఒకే గదిలో, ఒకే మంచానికి పై అంతస్తు ఆయనది, కింది అంతస్తు నాది. మొన్న ఆయన ఊరికే రాలేదు. "వుకైర్‌ల మన పోరగాళ్ళ కబడ్డీ టీము ఉన్నది గంగన్నా. ఇన్ని దినాలు ఒక తీరుగ నిలబడ్డరు. ఇప్పుడు నిలబడే తీరంత మార్చిండ్రట. కుడి కవర్‌కు మనిషి కుదుర్తలేడు. మనిద్దరిని వచ్చి చూడుమంటున్నరు. చల్తే క్యా, పోదమా?" అన్నాడు.

వంటింట్లోంచి రాజవ్వ గొంతు వచ్చింది. "చూసెతందుకు కండ్లు ఉండాలె గద అన్నా. ఈయనకు చాయ్‌ల ఈగ వడితె కనవడది. ఆటగాన్ని ఏం చూస్తడు?"

ఆ మాటకు నవ్వాల్సింది. నాకు నవ్వు రాలేదు. కుడి కవర్‌కు మనిషి కుదరడం లేదు అన్న మాట చెవిన పడగానే, ఏనాటిదో ఒక భయం లేచి కూర్చుంది.

ఆ భయం పుట్టింది క్యాంపులో, పదిమంది పడుకునే గదిలో. ఆ గది వాసన ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే వస్తుంది. తడి బూట్లు, సిమెంటు పట్టిన బట్టలు, కొబ్బరినూనె, ఎవరో ఒకరు మోకాలికి రుద్దుకునే బాము, వీటన్నిటి మీదుగా శుక్రవారం పొద్దున మాత్రం వేగిన ఉల్లిగడ్డ. మాలో పెద్దవాడు భూమన్న. సైటులో ఇనుము వంచే పని. ఆయనకు నలభై అయిదు దాటి ఉండవు గాని మాకు తాతలాగే కనిపించేవాడు. పెయింటు డబ్బా బోర్లించి దాని మీద కూర్చొని ఉల్లిగడ్డలు కోసేవాడు. ఇంకెవ్వరినీ కొయ్యనిచ్చేవాడు కాదు. వారం రోజుల సిమెంటు దుమ్ము కళ్ళలోంచి పోవాలంటే శుక్రవారం ఒక గంట ఏడవాలి అనేవాడు. ఆయన ఎందుకు ఏడుస్తున్నాడో అడగకుండా ఉండడానికి ఇదొక మంచి ఏర్పాటని నాకు చాలా ఏళ్ళకు తోచింది.

ఆ గదిలో ఒక మర్యాద ఉండేది. అప్పట్లో ఉత్తరాలకు బదులు క్యాసెట్లు నింపి, ఇంటికి పోయేవాళ్ళ చేతికిచ్చి పంపేవాళ్ళం. ఒకడు టేప్ రికార్డర్ ముందు కూర్చొని మాట్లాడుతుంటే మిగిలినవాళ్ళు మాట్లాడకూడదు, దగ్గకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా నవ్వకూడదు. "ఏసీ చల్లగ కొడుతుంది అవ్వా, దుప్పటి కప్పుకుంటున్న" అని ఒకడు చెబుతుంటే, చెడిపోయిన ఏసీ కింద చెమటలు కక్కుతున్న మేం, విసురుకుంటున్న అట్టముక్కలు కూడా ఆపి కూర్చునేవాళ్ళం, ఆ చప్పుడు క్యాసెట్‌లో పడుతుందని. ఎవడి గొప్పలు వాడివి. వినాలి, మరిచిపోవాలి.

ఆ మర్యాదను నేను వాడుకున్నంతగా ఎవడూ వాడుకోలేదు. దానికి కారణం మా మామగారు. ఆయన వయసులో ఉన్నప్పుడు తాలూకా అంతా పేరున్న కబడ్డీ ఆటగాడు. పిల్లనిచ్చేటప్పుడు నాకు పొలమెంత అని అడగలేదు. "కూత ఎంతసేపు పెడ్తవ్?" అని అడిగాడు. చాలాసేపు పెడతానన్నాను. పెట్టి చూపమంటాడేమోనని పెళ్ళి అయ్యేదాకా ఆయన ఎదుట పడలేదు. గల్ఫ్‌కు వచ్చాక, ఆయన దృష్టిలో ఇది దుబాయే, మొదటి క్యాసెట్‌లో క్యాంపు జట్టులో ఉన్నానని చెప్పాను. నిజానికి గీత అవతల నిలబడి ఆటగాళ్ళ చెప్పులకు కాపలా కాసేవాణ్ణి. తరువాతి క్యాసెట్‌లో జట్టుకు నడిమి మనిషిని నేనే అన్నాను. ఆ తరువాతిదానిలో, రోడ్డు అవతలి క్యాంపులో ఒక పంజాబీ ఉన్నాడని, దున్నపోతంత మనిషని, మావాళ్ళు చేతులు పట్టుకొని కట్టే గొలుసును దారంలా తెంపుకుపోయేవాడని చెప్పాను. ఇంతవరకు నిజమే. ఆ పంజాబీని ఒంటిగా నడుం పట్టి ఇసుకలో కూలేశానని కూడా చెప్పాను. పై మంచం మీద గౌస్ దిండులో మొహం దాచుకున్నాడు గాని చప్పుడు చేయలేదు.

అంతలో మా బావమరిది లింబాద్రికి అదే కంపెనీలో వీసా వచ్చింది. రాజవ్వ తమ్ముడు. ఊళ్ళో తండ్రి తరువాత అంతటి ఆటగాడని పేరు. సంచీ, అత్తగారు పంపిన మామిడికాయ తొక్కు డబ్బా మంచం మీద పెట్టి, నీళ్ళు కూడా తాగకుండా వాడు అడిగిన మొదటి మాట ఇది. "బావా, పంజాబాయన ఏడుంటడు? నువ్వు పట్టేది కండ్లార చూసి క్యాసెట్ నింపి పంపుమన్నడు నాయిన."

గది మర్యాద ఆ సాయంత్రం నన్ను కాపాడింది. తొమ్మిది మంది తొమ్మిది దిక్కులు చూశారు.

అదే వారం మేం మళ్ళీ ఓడిపోయాం. భూమన్న అందరినీ పిలిచి పళ్ళెంలో ఏడు ఉల్లిగడ్డలు వరసగా పేర్చాడు. "ఏడుగురం చేతులు వట్టుకొని కళ్ళంల బంతి కట్టిన ఎడ్ల లెక్క తిరుగుతున్నం. ఒక్కటి బోర్లవడితె అన్ని బోర్లవడుతున్నయ్. ఇగ గిట్ల నడువది" అన్నాడు. ఉల్లిగడ్డలను విడదీశాడు. రెండు చివర్లా ఒక్కొక్కటి ఒంటిగా పెట్టాడు, అవి కార్నర్లు, వచ్చినవాడి కాలు పట్టడం వాటి పని. నడుమ ఒకటి. ఎడమ పక్క ఒక జంట, కుడి పక్క ఒక జంట, అవి కవర్లు. జంటలోవాళ్ళు చెయ్యి చెయ్యి పట్టుకొని నిలబడాలి. కూతకు వచ్చినవాడు లోపలికి రాగానే చెయ్యి వదిలి ఒకడు భుజంతో గుద్దాలి, రెండోవాడు వెనకనుంచి కమ్ముకోవాలి. ఎప్పుడు పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో తెలియడంలోనే ఆట అంతా ఉంది. ఎడమ జంటకు కోరుట్ల అన్నదమ్ములు కుదిరారు. కుడి జంటలో గుద్దేవాడు గౌసే, ఆ భుజాలకు పోటీ లేదు. ఆయన చెయ్యి పట్టుకునేవాడు కావాలి.

నేను లేచి నిలబడి, "నేనుంట" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆ జాగా నాకు దక్కితే ఇంటికి పంపిన అబద్ధంలో సగమైనా నిజమవుతుంది. దక్కకపోతే లింబాద్రి నింపే క్యాసెట్‌ను మామగారు నలుగురిని కూర్చోబెట్టుకొని వింటాడు. వినేవాళ్ళలో రాజవ్వ ఉంటుంది. పెళ్ళయి మేం కలిసి ఉన్నది కొద్ది నెలలే. ఆ పిల్ల దగ్గర నాకు అప్పటికి ఉన్న ఆస్తల్లా నా క్యాసెట్లే.

ఎండ వాలాక తెల్ల సిమెంటుతో గీతలు గీసి సాధన మొదలుపెట్టాం. మొదటి కూతకే నా పరువు పోయింది. ఎందుకో చెప్పాలంటే మా పని సంగతి చెప్పాలి. స్కాఫోల్డింగ్‌లో నేను కింద, గౌస్ పైన. పైపు నేను పైకెత్తి అందిస్తాను. ఆయన పట్టుకున్నాక అరచేత్తో పైపు మీద రెండు సార్లు తడతాడు. ఆ తట్టు నా చేతికి తెలిశాకే నేను వదలాలి. ముందే వదిలితే కింద నడిచేవాడి తల మీద పడుతుంది. మిషన్ల మోతలో మాట వినపడదు, అందుకని తట్టే భాష. రెండేళ్ళుగా రోజంతా అదే పని. ఇప్పుడు మైదానంలో కూతకు వచ్చినవాడు లోపలికి రాగానే గౌస్ దూకాడు. నేను చెయ్యి వదల్లేదు. ఆయన తాడు చివర లేగదూడలా వెనక్కి వచ్చి నా మీదే పడ్డాడు. వచ్చినవాడు గీత దాటి అక్కడ కూర్చొని మరీ నవ్వాడు. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. వదలాలని తలకు తెలుసు, చేతికి తెలియదు.

"గంగారాం," అన్నాడు భూమన్న, "గది పైపు కాదురా, చెయ్యి."

లింబాద్రి గీత అవతల నిలబడి చూస్తున్నాడు. వాడు నవ్వి ఉంటే బాగుండేది.

తరువాత వాణ్ణి నిలబెట్టారు. వాడి ఆట చూస్తే నాకే ముచ్చటేసింది. కాని వాడికి నా రోగానికి సరిగ్గా వ్యతిరేక రోగం. మనిషి లోపలికి రాకముందే ఉత్సాహంతో చెయ్యి విడిపించుకొని దూకేవాడు. గౌస్ పక్కన ద్వారబంధమంత సందు ఏర్పడేది. వచ్చినవాడు ఆ సందులోంచి మర్యాదగా నడిచిపోయేవాడు. ఒకడు వదలడు, ఒకడు ఆగడు. భూమన్న ఏమీ తేల్చలేదు. పంజాబీ క్యాంపుతో ఆట వచ్చే శుక్రవారమే.

ఆ వారం నేను చేసిన రాజకీయాలు ఒక రాష్ట్రం నడపడానికి సరిపోతాయి. అంటే, తొక్కు డబ్బా తీసుకుపోయి గౌస్‌కు ఇచ్చాను. ఆయన సగం తిన్నాక, "అచార్ జబర్‌దస్త్ ఉన్నది. మగర్ ఎంచేది భూమన్న గద" అన్నాడు. భూమన్నకు కడుపులో పుండు. ఆయన కారం ముట్టడు.

శుక్రవారం వచ్చింది. గౌస్ నమాజుకు పోయి అత్తరు వాసనతో తిరిగొచ్చాడు. మేం బగారన్నం, మాంసం వండాం. వండే గిన్నెలు పెద్ద గంజులు, పొయ్యి మీంచి దించడానికి ఇద్దరు కావాలి. అటు గౌస్, ఇటు లింబాద్రి గుడ్డలు పట్టుకొని కూర గంజు దించారు. తన వైపు గంజు అడుగు నేలకు తాకీ తాకగానే లింబాద్రి చెయ్యి తీసేసి పళ్ళేల కోసం పరుగెత్తాడు. గంజు ఒరిగి, మరుగుతున్న పులుసు గౌస్ కాలి వేళ్ళ మీద పడింది. "అరే బాబా, ఎక్కడి తొందర్రా నీకు, రైలు పోతుందా?" అని ఆయన ఒంటికాలి మీద గెంతాడు. అన్నం గంజు దించడానికి నన్ను పిలిచాడు. ఇద్దరం దించాం. గంజు నేల మీద కుదురుగా కూర్చుంది. నేను గుడ్డ వదల్లేదు. వదలడం లేదన్న సంగతి కూడా నాకు తెలియదు. గౌస్ తన వైపు సరిచేసి, అలవాటుకొద్దీ మూత మీద రెండు సార్లు తట్టాడు. నా చేతులు వాటంతట అవే విడిపోయాయి.

డబ్బా మీద కూర్చున్న భూమన్న కత్తి ఉల్లిగడ్డలో సగానికి దిగి ఆగిపోయింది. ఎర్రబడ్డ కళ్ళతో మా ఇద్దరి చేతులను చూశాడు.

"గౌసూ, ఆటల గూడ గట్లనె తట్టు" అన్నాడు. తరువాత గదికంతా చెప్పాడు. "కుడి కవర్ గంగారామే. ఇడ్వనోనికి ఇడుసుడు నేర్పొచ్చు. ఇడిసెటోనికి వట్టుకునుడు నేర్పుదమంటె గిన్ని శుక్రవారాలు లెవ్వు." లింబాద్రి మొహం చిన్నబోయింది. భూమన్న వాడి వైపు తిరిగాడు. "నువ్వు కుడి మూలకు. ఆడ ఎవ్వని చెయ్యి వట్టుకునె పని లేదు. కాలు వట్టు, చాలు." జట్టును మైదానంలో కాక పొయ్యి దగ్గర ఎంచిన నాయకుణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

ఇక ఆట. పంజాబీ కూత పెట్టుకుంటూ వచ్చాడు. ఆ కూత నీళ్ళ మోటారు మోగినట్టు ఉండేది. కుడివైపుకు, మా జంట మీదికే వచ్చాడు. నా చేతి వెనక గౌస్ బొటనవేలు రెండు సార్లు తట్టింది. వదిలాను. గౌస్ భుజం పంజాబీ రొమ్ముకు తగిలింది. ఆ క్షణంలో నేను చిరుతలా వెనక్కి తిరిగి, అతని నడుం చుట్టి, నేల మీంచి పైకెత్తి కూలేశాను. మనవరాలికి ఇలాగే చెప్పాను. జరిగింది ఏమిటంటే, వెనక్కి తిరగబోయి ఇసుకలో జారి అడ్డంగా పడ్డాను. పంజాబీ నా వీపు తట్టుకొని తూలాడు. మూలలోంచి లింబాద్రి వచ్చి కాలి మడమ దొరకబుచ్చుకున్నాడు. మిగతావాళ్ళు అందరి మీదా పడ్డారు. నా ముక్కు ఇసుకలో ఉంది కనుక నేనేమీ చూడలేదు, విజిల్ మాత్రం విన్నాను. ఆట చివరికి ఓడిపోయాం కూడా. కాని పంజాబీ ఆగిపోయాడు, మా క్యాంపు చూస్తుండగా ఆగిపోయాడు. పోతూ పోతూ నా నెత్తి మీది ఇసుక దులిపి "శాబాష్" అన్నాడు. పట్టింది నేనేనని ఎవరో పొరపాటున చెప్పి ఉంటారు.

మరునాడు డ్యూటీ దిగి, స్నానం చేసి, లింబాద్రి టేప్ రికార్డర్ ముందు కూర్చున్నాడు. గది నిశ్శబ్దమైంది. నా గుండె చప్పుడు క్యాసెట్‌లో పడుతుందేమోనని గోడకు జరిగాను.

"నాయినా, నేను లింబాద్రిని. బావ మంచిగున్నడు. కుడి దిక్కు కవర్ బావనే. నిన్న పంజాబాయనను కూలగొట్టిండు. నేను కండ్లార చూసిన. అక్కకు చెప్పు." గొంతు సవరించుకున్నాడు. "నేను గూడ మంచిగున్న. నాది ఆఫీసుల కూసునె పనే. ఎండల తిరుగుడు లేదు."

వాడి మెడ మీద ఎండకు తోలు పొరలు పొరలుగా లేస్తోంది. గోళ్ళలో సిమెంటు ఉంది. నేను అట్టముక్కతో విసురుకోవడం ఆపాను. వాడు మీట నొక్కి లేచి, నా వైపు చూడకుండా, "గంతే గద బావా?" అన్నాడు. గంతే అన్నాను. అంతసేపూ ఊపిరి బిగబట్టి ఉన్నానని అప్పుడు తెలిసింది. పెళ్ళిచూపుల్లో మామగారికి చెప్పినంత కూత ఆ సాయంత్రం పెట్టాను.

మొన్న, గౌస్ భాయ్ వచ్చి పిలిచిన సాయంత్రమే, వుకైర్ పోయాం. గౌస్ భాయ్ కొడుకు కారులో దింపాడు. ఇప్పుడు కుర్రాళ్ళు ఇసుకలో ఆడరు, మ్యాట్ మీద ఆడతారు. మోకాళ్ళకు తొడుగులు, అందరికీ ఒకే రంగు చొక్కాలు. జట్టు నాయకుడు అమలాపురం అబ్బాయి, పేరు ప్రసాదు. "రండి బాబాయ్ గారూ, కూర్చోండి" అని మమ్మల్ని నాలుగు మెట్ల గ్యాలరీ ఎక్కించి, ఫోన్‌లో వీడియోలు చూపించాడు. ఎవడు ఎన్ని పట్టాడు, ఎవడు ఎన్ని వదిలాడు, అన్నీ అందులో ఉన్నాయి. ఇంత ఉన్నాక మేమెందుకు అన్నాను. "అందరూ బాగానే పడతారండి. జంటగా నిలబెడితేనే తేడా కొట్టేస్తోంది" అన్నాడు.

ఒక కుర్రవాడు గీత పక్కన కూర్చొని తల్లితో వీడియోలో మాట్లాడుతున్నాడు. ఇప్పుడు ఇంటికి అబద్ధం చెప్పడం కష్టం, మొహం కనబడుతుంది, గోడ కనబడుతుంది. మా కాలం కంటే ఇదే నయమనుకుంటున్నాను. అంతలో వాడు, "తిన్ననే అవ్వా, చికెన్ తిన్న, కడుపు నిండ తిన్న" అన్నాడు. పక్కనున్న ఇద్దరు కుర్రాళ్ళు, ఏమీ విననట్టే, వాళ్ళ మధ్య ఉన్న ఎండు ఖుబూస్ రొట్టె పొట్లాన్ని ఫోన్‌కు కనిపించకుండా మెల్లగా వెనక్కి జరిపారు. ఎవరూ నవ్వలేదు. నేను గౌస్ భాయ్ వైపు చూశాను. ఆయన అప్పటికే నన్ను చూస్తున్నాడు. ఏదో పోయిందని ఇన్నేళ్ళు బెంగపడ్డాను, పోలేదు. ప్రాణం హాయిగా ఉంది.

"ప్రసాదూ," అన్నాను, "మీ బండిల పెద్ద ఐసు డబ్బా ఉన్నది గద. ఇద్దరిద్దరిని పంపి తెప్పియ్యి. ఒకసారి వీళ్ళు, ఒకసారి వాళ్ళు." అతనికి అర్థం కాలేదు గాని పెద్దవాళ్ళ మాటని పంపాడు. ఫోన్‌లో అందరికంటే ఎక్కువ మార్కులున్న కుర్రవాడు డబ్బా తన వైపు దించి చేతులు దులుపుకున్నాడు. రెండోవాడి వేళ్ళు కింద ఇరుక్కున్నాయి. ఆ తరువాత ఒక జంట వచ్చింది. డబ్బా నేల మీద పెట్టారు. అటువాడు వేళ్ళు తీసేదాకా ఇటువాడు వంగే ఉన్నాడు. ఖుబూస్ పొట్లం జరిపినవాళ్ళలో ఒకడు వాడు.

"వాడే" అన్నాం ఇద్దరం ఒకేసారి.

ఇంటికి వచ్చాక రాజవ్వకు అంతా చెప్పాను. ఆట అయ్యాక గౌస్ భాయ్ మోకాలు పట్టేసిందని, ఆయనను దాదాపు ఎత్తుకొని ఆ మెట్లన్నీ దించానని చెప్పాను. రాజవ్వ చిక్కుడుకాయలు తుంచుతూ, "ఎత్తుకున్నవ్" అన్నది, తల ఎత్తకుండా. సరే, ఎత్తుకోలేదు. చెయ్యి పట్టుకొని దించాను. నిజానికి ఆయనే నా చెయ్యి పట్టుకొని దించాడు, నాకు మెట్టు అంచు కనబడలేదు. నేల మీదికి వచ్చాక కూడా నేను ఆయన చెయ్యి వదల్లేదు. ఆయన తట్టలేదు మరి.